ఎఱ్ఱని మోటారుబండియు, పెర్కిన్ పండితుడును

పాల్వంచ దాటి భద్రాచలమునకు పోవు బాటలో, టేకుచెట్ల నీడను, ఒక తెల్లని మోటారుబండి యాగినచో మన పాఠశాల బాలురలో నెవ్వరును తలయెత్తి చూడరు. అదే చోట నొక ఎఱ్ఱనిబండి యాగినచో సైకిళ్లను చెట్లకు చేరవేసి దానిచుట్టు మూగుదురు. ఎఱుపుబండి వేగముగా పోవునని వారి నమ్మకము. అది వట్టిమాట, యంత్రమునకు రంగుతో పనిలేదు. కాని వారి కన్నులు మోసపోలేదు. ఆ పచ్చని యడవిలో ఎఱుపునకు మించి కంటబడు వర్ణము మఱొకటి లేదు.

ఎఱుపులలో రెండు తెగలు కలవు. ఒకటి మన పల్లెలకు వచ్చుచుండిన ఎఱ్ఱబస్సు ఎఱుపు. అది మూతవేసినట్లుండును; చూపు పైననే నిలిచిపోవును. రెండవది దానిమ్మగింజ ఎఱుపు. అందు వెలుగు లోపలికి పోయి, అడుగును తాకి, మరల బయటికి వచ్చినట్లు తోచును. బండి యుబ్బినచోట మండుచున్నట్లును, మడతపడినచోట నల్లబాఱినట్లును కనబడును. జనులు మెచ్చి, అధికధనమిచ్చి కొనునది ఈ రెండవ యెఱుపునే. ఇది మోటారుబండ్ల యుగమున పుట్టినది కాదు. దీని వంశవృక్షమును వెదకుచు పోయినచో లండన్ నగరపు బీదపేటలో నొక వడ్రంగి యింటికిని, అచ్చటినుండి మరల మన మన్యపు చలిజ్వరమునకును, మన మచిలీపట్టణపు అద్దకమునకును దారితీయును. ఆ వడ్రంగి కుమారుడే విలియం హెన్రీ పెర్కిన్.

పెర్కిన్ 1838వ సంవత్సరము మార్చి 12వ తేదీన లండన్ తూర్పుభాగమందలి షాడ్వెల్ పేటలో జన్మించెను. తండ్రి జార్జి పెర్కిన్ వడ్రంగము చేసి, పిదప ఇండ్లు కట్టించు పనిలో కొంత ధనము కూర్చినవాడు. ఏడుగురు సంతానములో విలియం కడగొట్టువాడు. బాల్యమున వీనికి చిత్రలేఖనమునందును, యంత్రములయందును, సంగీతమునందును ఆసక్తి యుండెను; ఏది వృత్తియగునో ఇంటివారికి తెలియలేదు. గృహనిర్మాణశాస్త్రము చదివించవలెనని తండ్రి తలచెను. అట్లుండగా ఒక మిత్రుడు కొన్ని ద్రవములను కలిపి స్ఫటికములు కట్టునట్లు చేసి చూపెను. అది మొదలు బాలుని మనస్సు రసాయనశాస్త్రముపై లగ్నమయ్యెను.

అతడు చదివిన సిటీ ఆఫ్ లండన్ పాఠశాలలో ఆ శాస్త్రమునకు ప్రత్యేకమైన గంట లేదు. థామస్ హాల్ అను నుపాధ్యాయుడు మధ్యాహ్నభోజన విరామమున వారమునకు రెండుమారు లాశాస్త్రమును బోధించెడివాడు. పెర్కిన్ అన్నము మానుకొని, ఆ గురువునకు సీసాలందించుచు, గిన్నెలు కడుగుచు ఆ పాఠములు వినెను. తండ్రికి నచ్చజెప్పి ఆ బాలుని పైచదువునకు పంపించినవాడును హాల్ గారే. ఆయన పేరు పెర్కిన్ చరిత్రలో తప్ప మఱెందును అంతగా వినబడదు. ఉపాధ్యాయులకిది క్రొత్తకాదు.

1853లో, పదునైదేండ్ల ప్రాయమున, పెర్కిన్ రాయల్ కాలేజీ ఆఫ్ కెమిస్ట్రీలో చేరెను. అచ్చటి యాచార్యుడు జర్మనీదేశస్థుడైన ఆగస్టు విల్హెల్మ్ హాఫ్మన్. ఆయన యపుడు తారునుండి వచ్చు పదార్థములను పరిశోధించుచుండెను. మన ఇల్లెందుప్రాంతము వారికి రాక్షసిబొగ్గు సంగతి చెప్పనక్కఱలేదు. అచ్చట 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనగా, 1889 మొదలు సింగరేణి గనులనుండి దానిని త్రవ్వి తీయుచున్నారు. ఆంగ్లదేశమున నాకాలమున రాక్షసిబొగ్గును మూసినపాత్రలలో కాల్చి, వచ్చిన వాయువుతో వీధిదీపములను వెలిగించెడివారు. అపుడు పాత్రలనుండి కారు నల్లని జిడ్డే తారు. కంపుకొట్టు ఆ వస్తువును ఎచ్చట పాఱబోయవలెనో తెలియక గ్యాసుకంపెనీలవారు తికమకపడుచుండిరి. హాఫ్మన్ శిష్యులు దానినే వేఱువేఱు భాగములుగ విడదీయుచు, ప్రతిభాగమునకు పేరుపెట్టుచు కాలము గడిపిరి.

ఆ గురువు మనస్సులో నొక కోరిక యుండెను. అది క్వినైనును ప్రయోగశాలలో తయారుచేయుట. భద్రాచలపు మన్యమున కాపురమున్న ఏ యింటివారికైనను ఈ కోరిక విలువ తెలియును. వానకాలము వెనుకబట్టగానే వణకుతో వచ్చు చలిజ్వరమునకు గోండులు, కోయలు, గోదావరిపై కలపతెప్పలు నడపువారు, దొరలు, మిషనరీలు అందఱును ఒకేరీతిగ లోబడిరి. దానికి తెలిసిన గొప్పమందు దక్షిణ అమెరికాలోని సింకోనాచెట్టు బెరడునుండి వచ్చు క్వినైను. అది ప్రియమైనది, చాలినంత దొరకనిది.

1856వ సంవత్సరము ఈస్టరు సెలవులకు హాఫ్మన్ తన దేశమునకు పోయెను. పదునెనిమిదేండ్ల పెర్కిన్ తన ఇంటి పైయంతస్తులో నమర్చుకొనిన చిన్న ప్రయోగశాలలో నీ పనికి పూనుకొనెను. అప్పటికి క్వినైనులో నే మూలకములు ఎన్నెన్ని పాళ్లున్నవో మాత్రమే తెలియును. అవి యెట్లు కూర్పబడినవో తెలియదు. ఇటుకలను లెక్కించి ఇల్లు కట్టబూనుట వంటి పని యిది. మొదట చేసిన ప్రయోగమున ఎఱుపుకలిసిన మట్టివంటి పొడి వచ్చెను. పిదప తారునుండి వచ్చిన అనిలీను అను పదార్థముతో నదేపని చేయగా నల్లని బురద మిగిలెను. క్వినైను జాడయే లేదు. ఆ బురదను సారాయిసత్త్వముతో కడుగుచుండగా నీళ్లు మంచి ఊదారంగుగ మాఱినవి. మఱొకడైనచో దానిని పాఱబోసి, గిన్నె తోమి పెట్టెడివాడు. పెర్కిన్ చిత్రకారుని కన్ను గలవాడగుటచే పట్టుగుడ్డముక్కను దానిలో ముంచెను. ఆ రంగు ఎండకు వెలియలేదు, సబ్బుకు పోలేదు. స్కాట్లండులోని పుల్లరు అను అద్దకపువ్యాపారులకు నమూనా పంపగా, వెలయెక్కువకాకున్నచో నిది మిక్కిలి విలువగల వస్తువని వారు జాబు వ్రాసిరి. ఆగస్టు మాసమున పేటెంటు పుచ్చుకొనెను.

హాఫ్మన్ తిరిగి వచ్చి, చదువు విడిచి వర్తకమున దిగుచున్న శిష్యునిపై కోపించెను. ఇచ్చట మనము జార్జి పెర్కిన్‌ను తలచుకొనవలెను. కుమారునికి ఈ చదువు వలదనుకొనిన ఆ తండ్రియే, జీవితకాలము కూడబెట్టిన ధనమునంతయు తెచ్చి, ఇంకను మీసములు సరిగా రాని ఆ కుఱ్ఱవానిచేతిలో పెట్టెను. అన్నగారైన థామస్ కూడ తోడయ్యెను. 1857లో లండన్ పడమరదిక్కున గ్రీన్‌ఫర్డ్ గ్రీన్ అను గ్రామమున, కాలువయొడ్డున, కర్మాగారము వెలసెను. ఆ యేటి చివరకే రంగు బజారున బడెను. మఱుసటియేడు విక్టోరియారాణి తన కూతురి పెండ్లికి ఊదావస్త్రము ధరించెను. ప్రజలందఱు దానివెంట బడిరి. ఊదారంగుకథ పుస్తకములయందు చాలినంత కలదు. మనకు కావలసినది ఎఱుపు.

లోకమునందు అనాదిగా ఎఱుపురంగులు కొన్నియే యుండెను. కొండలలో దొరకు జేగురు చౌక. కాని అది మట్టిరంగు. ఇంగిలీకము ప్రకాశవంతమైనది, కాని పాదరసముతో కూడిన విషము. లక్కపురుగునుండి వచ్చు ఎఱుపును మన యడవి జనులెఱుగుదురు. పారదర్శకమైన రంగుపొడులకు ఐరోపావారు పెట్టిన లేక్ అను పేరు ఈ లక్కనుండియే పోయినది. గుడ్డలకు మేలైన ఎఱుపు మాత్రము వేళ్లనుండి వచ్చెడిది. ఐరోపాలో మంజిష్ఠజాతి మొక్కను పెంచెడివారు. మన తీరమున చిరివేరు. సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు ఆ చిన్నమొక్క వేళ్లను త్రవ్వి, దంచి, కాచి మచిలీపట్టణపు అద్దకమువారు ఎఱుపు దించిరి. నిజాంపట్టణమువైపు దొరకు చిరివేరు శ్రేష్ఠమని డచ్చివారును ఆంగ్లేయులును పదునేడవ శతాబ్దిలోనే వెదకికొని వచ్చిరి. మన కొండలలోని కరక్కాయను గేదెపాలతో కలిపి గుడ్డకు పట్టించి, పటికనీటితో బొమ్మ వ్రాసి, చిరివేరుకషాయమున ఉడికించినచో, పటిక తగిలినచోట మాత్రము ఎఱుపు నిలిచిపోవును. ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకైనను తాళును. పారశీకమునుండి ఇంగ్లండు వఱకు దానిని కొనని దేశములేదు.

మంజిష్ఠలోను చిరివేరులోను ఎఱుపునకు మూలమైన ద్రవ్య మొక్కటే. దానిపేరు అలిజరిన్. 1868లో బెర్లిను నగరమున గ్రేబె, లీబర్మన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు ఈ ద్రవ్యమును తారులోని ఆంత్రసీను అను భాగమునుండి తయారుచేయగలిగిరి. కాని వారి పద్ధతికి ఖర్చు మెండు, బజారుకు పనికిరాదు. విద్యార్థిగ నున్నపుడు హాఫ్మన్ తనకు మొట్టమొదట ఇచ్చిన పని ఆ యాంత్రసీనుపైననే యని పెర్కిన్ మఱవలేదు. కొన్నినెలలలోనే చౌకయైన మార్గము కనుగొని, 1869 జూన్ 26వ తేదీన పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. అంతకు సరిగా ఒక్కదినము ముందు, జర్మనీదేశపు బాడిషె కంపెనీవారి పక్షమున అదే పద్ధతికి దరఖాస్తు దాఖలైయుండెను. వ్యాజ్యమున దిగక, ఉభయులును బజారును పంచుకొనిరి. గ్రీన్‌ఫర్డ్ కర్మాగారమున మొదటియేడు ఒక టన్ను అలిజరిన్ తయారయ్యెను, 1870లో 40 టన్నులు, 1871లో 220, 1873 నాటికి 435 టన్నులు.

ఈ లెక్కలను ఐరోపావారు విజయముగా చదివిరి. మనము మఱొకరీతిగ చదువవలసియున్నది. తారునుండి వచ్చిన ఎఱుపు పొడిరూపమున డబ్బాలలో మన రేవులకు దిగినకొలది, చిరివేరు పండించినవారికిని, త్రవ్వినవారికిని పని తఱిగిపోయెను. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి ఆ సేద్యము దాదాపు మూలబడెను. నేడు కలంకారీ పేరు వినబడు పెడన, మచిలీపట్టణములలో సైతము చిరివేరునకు మాఱుగా అలిజరిన్ పొడిని వాడువారు కలరు. పెర్కిన్ ఈ నష్టమును కోరి చేసినవాడు కాడు, చేసినట్లెఱిగినవాడును కాడేమో. కాని ఎవని బ్రతుకును చూడక చౌకయగు వస్తువు లోకమున లేదను సంగతిని, ఆ మహనీయుని ప్రశంసించుచునే, వ్రాసియుంచుట న్యాయము.

అద్దకపుతొట్టినుండి ఈ యెఱుపు బండ్లమీదికి ఎక్కినవిధ మిది. అలిజరిన్ కషాయమును పటికకు సంబంధించిన తెల్లని మన్నుతో కలిపినచో కరగని ఎఱ్ఱనిపొడి యడుగునబడును. దానిని నూనెలో నూఱినచో గాజువలె చూపు దూఱు ఎఱుపు వచ్చును. మోటారుబండ్లు పుట్టకముందు గుఱ్ఱపుబండ్లకు రంగువేయు పనివారు దీని గుణము నెఱుగుదురు. ముందు ఇంగిలీకము వంటి చిక్కని ఎఱుపును పూసి, అది యాఱినపిదప దానిపై మంజిష్ఠయెఱుపునో పురుగురంగునో పలుచగా పూసి, ఆపైన వార్నీషుపూతలు వేసి, ప్రతిపూతను నురుగుఱాతిపొడితో నునుపుచేసెడివారు. ఒక బండి వారములతరబడి రంగుశాలలో నిలిచియుండెడిది. సూర్యకాంతి పైపూతలో దూఱి, అడుగుపూతను తాకి మరలివచ్చునపుడు రెండుమారులు ఎఱుపుగుండ వడియగట్టబడును. బండి వంపు తిరిగినచోట వెలుగు ఏటవాలుగా పోవుటచే పూతలో నెక్కువదూరము నడచును. కావున నచ్చట ఎఱుపు చిక్కనై నల్లబాఱును. దానిమ్మగింజ రహస్య మిదియే. మొదటి మోటారుబండ్లకు రంగువేసినవారు ఈ గుఱ్ఱపుబండ్ల పనివారే. అదే కుంచె, అదే పద్ధతి.

పెర్కిన్ ఆ బండ్లను చూచునంతకాలము జీవించెను గాని, రంగులవర్తకమున నంతకాలము లేడు. 1874లో, ముప్పదియాఱేండ్ల వయస్సున, కర్మాగారమును విక్రయించెను. జర్మనీవారితో పోటీపడవలెనన్న కర్మాగారమును మిక్కిలి విస్తరింపవలెను. అతనికి ధనముపై నంత యాశలేదు. హాఫ్మన్ భయపడినట్లు శాస్త్రమును వర్తకమునకు అమ్ముకొనక, వర్తకమున వచ్చినదానితో మరల శాస్త్రమునకే వచ్చెను. పాత ఇంటిని ప్రయోగశాలగా మార్చుకొని, ప్రక్కన క్రొత్త ఇల్లు కట్టుకొనెను. అంతకుముందే, 1868లో, ఎండుగడ్డి సువాసనగల కౌమరీను అను పదార్థమును తారునుండి తయారుచేసియుండెను. నేటికిని కళాశాలలలో పెర్కిన్ చర్య యను పేర బోధించునది ఆ త్రోవలో వచ్చినదే. మొదటిభార్య 1862లోనే మరణించినది. పిమ్మట 1866లో రెండవ వివాహము చేసికొనెను. కుమారులలో ముగ్గురు రసాయనశాస్త్రజ్ఞులైరి. ఆయన దైవభక్తి గలవాడు, మద్యము ముట్టనివాడు, కడపటి సంవత్సరములలో మాంసమునుగూడ విడిచెను. సభలలో మాటాడుటకు బిడియపడెడివాడు.

1906లో ఊదారంగునకు ఏబదియేండ్లు నిండగా లండనులోను అమెరికాలోను ఉత్సవములు జరిగెను. సర్ అను బిరుదము అప్పటికి గాని రాలేదు. మఱుసటియేడు, 1907 జూలై 14వ తేదీన, ఊపిరితిత్తుల జ్వరముతోడను పేగువాపుతోడను ఆయన మరణించెను. క్వినైను మాత్రము ఆయన చేతికి చిక్కలేదు. 1944లో అమెరికాలో వుడ్వర్డ్, డోరింగు అనువారలు దానికి మార్గము చూపిరి. కాని చలిజ్వరపు సంగతిలో ఆయన శ్రమ వ్యర్థమనరాదు. 1897లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ దొర దోమకడుపులో జ్వరబీజమును కనుగొనెను. నేడు మన్యపు ఆసుపత్రులలో రోగి రక్తపుబొట్టును గాజుపలకపై పరచి ఆ బీజమును గుర్తించుటకు పూయునవి తారునుండి పుట్టిన రంగులే.

ఆయన పిదప ఎఱుపుబండి చరిత్ర త్వరత్వరగా నడచెను. 1920 తరువాత త్వరగా నాఱు క్రొత్తరంగులు వచ్చుటచే వారములపని దినములకు, దినములపని గంటలకు దిగెను. ఇటలీవారి పందెపుబండ్లకు ఎఱుపే జాతివర్ణమై వాసికెక్కెను. అయినను ఒక లోపము వెన్నాడుచుండెను. అలిజరిన్ గుడ్డపై నిలిచినట్లు ఎండలో నిలుచు బండిపై నిలువలేదు. తరువాతి చౌకయెఱుపులును అట్టివే. మన భద్రాద్రి వేసవిలో నాలుగేండ్లు బయట నిలిపిన పాతబండి పైకప్పు గులాబివన్నెకు మాఱి, చేయి తగిలినచో పొడి రాలుచుండుట చూచినవారు మనలో పలువురు కలరు. 1958లో క్వినాక్రిడోను అను రంగులు బజారునకు వచ్చిన పిదపను, 1980 తరువాత ఫెరారీ యెఱుపని వాడుకలో పేరుపడిన మఱొకరంగు వచ్చిన పిదపను ఈ బాధ చాలవఱకు తీరెను. 2012లో జపానుదేశపు మాజ్దావారు, అల్యూమినియపు తునకలు గల మెఱయు పూతపైన పారదర్శకమైన ఎఱుపును వేసి లోకమంతట పేరుపొందిరి. పనిచేసినవి యంత్రహస్తములు, పద్ధతి మాత్రము గుఱ్ఱపుబండ్ల పనివారిదే.

మరల ఎఱ్ఱనిబండి మన బాటలో ఆగినపుడు బాలురు దానిని రెండుచోట్ల చూడవలెను. మొదట తలుపు వంపుమీద వెలుగు ఎఱుపునుండి నలుపునకు మాఱుచోటు. పిదప, ఎచ్చటనైనను పాతగీఱు కనబడినచో, దానియంచు. పైన గాజువంటి పూత, దానిక్రింద ఎఱుపు, ఆ క్రింద మెఱుపుపూత, బూడిదరంగు అడుగుపూత, ఇనుపరేకు. ఇన్ని పూతలును కలిసి మన వ్రాతపుస్తకపు కాగితమంత మందముండును. చూచుటకై క్రొత్తగీఱు గీయవలదని బండివారి పక్షమున మనవి.